పిల్ల గుడి చెప్పే పాఠం

చిన్న తరగతుల్లో డ్రాయింగ్ అనగానే ఎక్కడైనా పుట్టుకొచ్చే బొమ్మ దాదాపు ఒక్కటే. రెండు కొండలు, వాటి మధ్య నుంచి తొంగిచూసే సూర్యుడు, కింద ఓ గుడిసె, పక్కన కొబ్బరిచెట్టు. ఇప్పపూలు ఏరుకుంటూ పెరిగిన బస్తర్ పిల్లవాడి చేత కూడా ఆ కొబ్బరిచెట్టునే గీయిస్తే అది చూచిరాత అవుతుంది తప్ప కళ కాదు.

నిజానికి బస్తర్‌కు కళను బయటి నుంచి తెచ్చి నేర్పాల్సిన పనే లేదు. అక్కడి డోక్రా పనివారు మట్టి అచ్చు మీద తేనెమైనం దారాలు చుడతారు. దానిపై మళ్లీ మట్టి పూసి కాల్చి, మైనం కరిగిపోయి ఏర్పడిన ఖాళీలో కరిగించిన ఇత్తడి పోస్తారు. ఘన, ద్రవ స్థితుల గురించి సైన్సు పుస్తకం చెప్పే ముందే ఆ ఇళ్లలోని పిల్లలు వాటిని కళ్లారా చూస్తారు. అయితే బడి గుమ్మం దాటి లోపలికి రాగానే ఆ జ్ఞానానికి మార్కులుండవు.

ఈ అగాధాన్ని పూడ్చే ప్రయత్నం బడి బయట జరిగింది. ముంబయికి చెందిన చిత్రకారిణి నవజోత్ అల్తాఫ్ 1997లో కొండగావ్‌లో స్థానిక శిల్పులతో కలసి పనిచేయడం ప్రారంభించారు. లోహశిల్పి జైదేవ్ బఘేల్ నెలకొల్పిన శిల్పిగ్రామ్ అందుకు వేదికైంది. చెక్క చెక్కడం మగవాళ్ల పనిగా సాగే చోట ఉలి పట్టిన శాంతిబాయి, రాజ్‌కుమార్ కోర్రాం, గెస్సూరాం విశ్వకర్మ ఆమెకు సహచరులయ్యారు. వారి బృందం మొదట దృష్టి పెట్టిన వాటిలో ఒకటి చేతిపంపు. నీళ్లు మోసేది ఆడవాళ్లు, ఆడపిల్లలు. బిందె దించుకోవడానికీ తలకెత్తుకోవడానికీ వీలుగా పంపు చుట్టూ గట్లు కట్టి, గోడలపై స్థానిక శిల్పరూపాలు చెక్కారు. ‘నల్‌పర్’ అని పేరు పెట్టారు. అందానికీ అవసరానికీ మధ్య గోడ లేదన్నది ఆ కట్టడాల్లోని పాఠం.

తర్వాత వచ్చినవే ‘పిల్ల గుడి’లు. తెలుగువారికి అనువాదం అక్కర్లేని పేరు. బస్తర్‌లోనూ గుడి అంటే దేవుడి తావే. కానీ ఈ గుడుల్లో విగ్రహం లేదు, పిల్లలే ఉంటారు. మురియా గోండుల యువతీయువకులు కలసి గడుపుతూ ఆటపాటలు, పనిపాటలు నేర్చుకునే ఘోటుల్ సంప్రదాయం వీటికి ఓ స్ఫూర్తి. పిల్లలు అక్కడ చేరి బొమ్మలు వేస్తారు, మట్టి పిసుకుతారు, కథలు చెప్పుకుంటారు, స్థానిక శిల్పులతోనూ బయటి నుంచి వచ్చిన కళాకారులతోనూ కలసి పనిచేస్తారు. తప్పొప్పులు దిద్దే ఎర్ర సిరా ఉండదు.

ఇలాంటి చోటు విలువ ఎంతో దక్షిణ బస్తర్ ఎదుర్కొన్న కష్టం చెబుతుంది. 2005లో సాల్వాజుడుం మొదలయ్యాక అక్కడ బడి భవనాలు కొన్ని భద్రతాదళాలకు బసలయ్యాయి. మరికొన్నిటిని మావోయిస్టులు పేల్చేశారు. బడులనుంచి బలగాలను ఖాళీ చేయించాలని 2011లో సాక్షాత్తూ సుప్రీంకోర్టే ఆదేశించాల్సి వచ్చింది. చూసినది నోటితో చెప్పలేని పిల్లలకు రంగు పెన్సిలు విలాసం కాదు, మాట.

మరి ప్రభుత్వాల సంగతేమిటి? పదో తరగతి వరకూ కళలు తప్పనిసరి కావాలని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం ఆశించింది. 2009 విద్యాహక్కు చట్టం మాత్రం ఆరు నుంచి ఎనిమిది తరగతులకే, అదీ వంద మందికి మించి పిల్లలున్న బడులకే, పార్ట్‌టైం కళా బోధకులను ఇచ్చింది. అయిదో తరగతి వరకూ చదివే పిల్లలకు ఆ హామీ లేదు. గోడ మీద బొగ్గుముక్కతో బొమ్మ గీయనిదే నిద్రపోని వయసు సరిగ్గా అదే! స్థానిక కళాకారులను బోధకులుగా తీసుకోవాలని 2020 జాతీయ విద్యావిధానం సూచించింది. సూచన జీతం కాదు.

ప్రాథమిక బడిలో కళకు పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. వారానికో రోజు కుమ్మరినో కమ్మరినో డోక్రా శిల్పినో గౌరవ వేతనమిచ్చి తరగతికి రప్పిస్తే చాలు. హల్బీలోనో గోండిలోనో ఆయన పాఠం చెబుతుంటే టీచరు కూడా పిల్లల పక్కన కూర్చోవచ్చు. తన తండ్రి చేతికంటిన మట్టి మురికి కాదని, చదువేనని బిడ్డకు తెలిసే రోజు అది. ఆ రోజు కోసం బడి పక్కన వేరే గుడి కట్టనక్కర్లేదు. బడే పిల్ల గుడి అవుతుంది.