చెత్తకు విలువ బకెట్ దగ్గరే మొదలవుతుంది

మా నర్సింగ్ విభాగంలో కొత్తగా చేరిన అమ్మాయిలకు మొదటి రోజు మేము ఇంజక్షన్ సంగతి ఎత్తము. నాలుగు బకెట్లు చూపిస్తాము. రక్తం అంటిన దూదికి, కట్లకు పసుపు. సెలైన్ గొట్టాలు, గ్లవ్స్ వంటి వాటికి ఎరుపు. సూదులకు, బ్లేడ్లకు గట్టి తెల్లడబ్బా. గాజు సీసాలకు నీలం. "చెత్త పని ఆయాలది కదా సిస్టర్" అని కొందరు ముఖం చిట్లిస్తారు. కాదమ్మా, సూది గుచ్చిన చేతిదే ఆ సూది బాధ్యత అని చెబుతాము.

ఇలా చెప్పడానికి కారణం ఉంది. చాలా ఏళ్ళ క్రితం మేము పనిచేసిన ఒక ఆసుపత్రిలో, ఎవరో తొందరలో మామూలు చెత్తబుట్టలో పడేసిన సూది, ఊడ్చే ఆమె అరచేతిలో దిగింది. ఆమె దాన్ని పీకి పారేసి, కొళాయి కింద చెయ్యి కడుక్కుని మళ్ళీ చీపురు పట్టింది. ఆ సూది ఏ రోగిదో కనుక్కోవడానికి వార్డంతా తిరిగినా తెలియలేదు. హెపటైటిస్-బి ఉన్న రోగి రక్తం అంటిన సూది గుచ్చుకుంటే, టీకా లేనివారిలో నూటికి 6 నుండి 30 మంది వరకు ఆ జబ్బు సోకవచ్చు. ఆమెకు టీకా లేదు. ఆరు నెలల తరువాత చేసిన పరీక్షలో ఏమీ లేదని తేలింది. ఆ ఆరు నెలలూ ఆమె తన బిడ్డలకు అన్నం కలిపి పెట్టడానికి భయపడింది.

మేము చదువుకునే రోజుల్లో సిరంజీలు గాజువి. మరగబెట్టి మళ్ళీ వాడేవాళ్ళము. సెలైన్ కూడా గాజు సీసాల్లోనే వచ్చేది. మిగిలిన చెత్త ఆసుపత్రి వెనక గుంతలో వేసి కాల్చేవారు. తరువాత అన్నీ ప్లాస్టిక్ అయ్యాయి, గుంత మాత్రం చాలా చోట్ల అలాగే ఉండిపోయింది. క్లోరిన్ ఉన్న ప్లాస్టిక్‌ను అలా కాలిస్తే డయాక్సిన్లు అనే విషపదార్థాలు పుడతాయి. ఆ పొగ పడక మీద ఉన్న రోగి దాకా వస్తుంది. 1998లో ఆసుపత్రి వ్యర్థాల నియమాలు వచ్చాయి. 2016లో వాటిని మార్చి ఈ నాలుగు రంగుల పద్ధతిని స్థిరపరిచారు. శుద్ధి చేయని వ్యర్థాలను 48 గంటలకు మించి ఉంచరాదన్నారు.

ఇప్పుడు చెత్త నుండి కరెంటు, గ్యాసు, ఎరువు తీయవచ్చని పత్రికల్లో చదువుతున్నాము. ఇది మాయ కాదు, కెమికల్ ఇంజనీరింగ్ చదివినవారు ఎన్నో ఏళ్ళుగా చేస్తున్న పరిశోధన. హైదరాబాద్ బోయినపల్లి కూరగాయల మార్కెట్‌లో ఒక ప్లాంటు ఉంది. తార్నాకలోని ఐఐసీటీ శాస్త్రవేత్తలు రూపొందించిన పద్ధతి అది. రోజుకు సుమారు 10 టన్నుల కుళ్ళిన కూరగాయల నుండి 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల వంటగ్యాసు తీసేలా దాన్ని కట్టారు. 2021 జనవరిలో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో దాని ప్రస్తావన వచ్చింది. గుంటూరు, విశాఖపట్నాలలో చెత్తను మండించి కరెంటు చేసే పెద్ద ప్లాంట్లు 2022లో మొదలయ్యాయి. రోగుల వ్యర్థాలను కాల్చకుండానే క్రిములను చంపి, మట్టిలో కలిసే పదార్థంగా మార్చే 'సృజనం' అనే యంత్రాన్ని తిరువనంతపురంలోని సీఎస్‌ఐఆర్ శాస్త్రవేత్తలు తయారుచేశారు. 2025 ఫిబ్రవరిలో ఢిల్లీ ఎయిమ్స్‌లో దాన్ని ప్రారంభించారు.

ఇవన్నీ సంతోషించదగినవే. అయితే యంత్రం వస్తే చెత్త సమస్య తీరిపోతుందనే మాటను మేము ఒప్పుకోము. 1987లో ఢిల్లీ తిమార్‌పూర్‌లో విదేశీ సాంకేతికతతో, రోజుకు 300 టన్నుల చెత్తను మండించే ప్లాంటు కట్టారు. అది కొద్ది వారాలకే ఆగిపోయింది. యంత్రానిది తప్పు కాదు. మన చెత్తలో అన్నం, కూరగాయల తొక్కలు, మట్టి కలిసి ఉంటాయి. తడిసిన కట్టె పొయ్యిలో మండనట్టే, ఆ చెత్తా మండలేదు. బోయినపల్లిలో పని జరగడానికి ఒక కారణం, అక్కడికి వచ్చేది చాలావరకు ఒకే రకం చెత్త కావడం. అంటే ఇంజనీరు పని మొదలయ్యే ముందే బకెట్ దగ్గర ఒక పని జరిగి ఉండాలి.

ఇక మన ఊళ్ళ సంగతి. మైలవరం మండలం నుండి దగ్గు, ఆయాసంతో వచ్చే ఆడవాళ్ళలో చాలామంది బీడీ ముట్టనివారు. మొన్న ఒకామెను అడిగితే, "గ్యాసుంది సిస్టరమ్మా, సిలిండరు అయిపోయింది, మళ్లా కొనేకి దుడ్లు ల్యాక పక్కన పెట్టినాం. పత్తికట్టెతోనే వండుతాండా" అంది. ఇంటి పొయ్యి పొగ వల్ల 2020లో ప్రపంచంలో సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆమె ఇంట్లో నాలుగు ఎనుములున్నాయి. పేడంతా దిబ్బలో పడుతోంది.

నాలుగు పశువుల పేడ, రోజుకు సుమారు 50 కిలోలు ఉంటే, అంతే నీళ్ళు కలిపి రెండు ఘనపు మీటర్ల గోబర్ గ్యాస్ నడపవచ్చు. గాలి తగలని తొట్టిలో సూక్ష్మక్రిములు పేడను పులియబెట్టి మీథేన్ ఇస్తాయి. రోజూ వచ్చే ఆ గ్యాసు సుమారు 900 గ్రాముల సిలిండరు గ్యాసుతో సమానం. చిన్న కుటుంబానికి వంటకు సరిపోతుంది. బయటికి వచ్చే పేడనీరు చేనుకు మంచి ఎరువు. ఇది కొత్త సంగతి కాదు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లోనే బొంబాయి మాటుంగాలోని కుష్ఠురోగుల ఆశ్రమంలో మానవ వ్యర్థాల నుండి గ్యాసు తీసి దీపాలు వెలిగించారు. జనం దూరంగా పెట్టిన రోగుల దగ్గరే ఈ వెలుగు మొదలయిందని మేము మా విద్యార్థులకు చెబుతుంటాము.

"అవన్నీ వెనక వచ్చినాయిలే సిస్టర్, తుప్పు పట్టి పోయినాయి" అని మగవాళ్ళు అంటారు. నిజమే. ట్రాక్టర్లు వచ్చి ఎద్దులు తగ్గాయి. డ్రమ్ము తుప్పు పడితే, పైపు పగిలితే బాగుచేసే మనిషి దొరకలేదు. సబ్సిడీ ప్లాంటు కట్టించిందే గాని మెకానిక్‌ను తయారుచేయలేదు. అందుకే మా అభిప్రాయం: కొత్తగా వంద ప్లాంట్లు కట్టే ముందు మండలానికి ఇద్దరు కుర్రవాళ్ళకు మరమ్మతు నేర్పించండి.

మన ప్రాంతంలో పనికిరానిదంటూ తక్కువే. ఎర్రగుంట్ల దగ్గరి థర్మల్ కేంద్రం బూడిద వంటిది సిమెంటులో కలుస్తుంది. పులివెందుల అరటి బోదె నుండి నార తీయవచ్చు. మళ్ళీ వాడలేని ప్లాస్టిక్‌ను దేశంలో చాలా సిమెంటు ఫ్యాక్టరీలు బొగ్గుతోపాటు బట్టీలో మండిస్తున్నాయి. 1400 డిగ్రీలు దాటిన ఆ వేడి వేరు, వీధిలో పెట్టే మంట వేరు. దయచేసి ఇంటి ముందు ప్లాస్టిక్ కాల్చకండి.

మాకూ ఒక పని ఉంది. ఆసుపత్రి చెత్తలో నూటికి 85 వంతులు ఇంటి చెత్త వంటిదే. రోగుల బంధువులు వదిలే అన్నం, మా వంటగది తొక్కలు అందులోవే. దానికి ఒక చిన్న గ్యాస్ ప్లాంటు కట్టాలని మేము యాజమాన్యాన్ని అడిగాము. కడితే మేము పాటించవలసినవి కూడా రాసి ఇచ్చాము. ఫినాయిల్ నీళ్ళు, బ్లీచింగ్ కలిసిన కడుగు అందులో పోయరాదు. పోస్తే పనిచేసే క్రిములు చస్తాయి. చీనీ, నిమ్మ తొక్కలు ఎక్కువ వేయరాదు, పులుపెక్కి గ్యాసు తగ్గుతుంది. తొట్టిలోకి ఎవరూ దిగరాదు, లోపలి విషవాయువు క్షణాల్లో ప్రాణం తీస్తుంది. వార్డు బకెట్లది ఒక్కటి కూడా అందులో పడరాదు.

మీరు రోగిని చూడడానికి వచ్చినప్పుడు తెచ్చిన అన్నం మిగిలితే, ప్లాస్టిక్ కవరుతో సహా కిటికీలోంచి విసరకండి. అన్నం ఒక బుట్టలో, కవరు ఒక బుట్టలో వేయండి. ఏ బుట్టో తెలియకపోతే మా ఆయమ్మను అడగండి. ఆమెకు తెలుసు.