మానుకోటలో రెండు నిమిషాలు

శ్రీరామనవమికి భద్రాచలం వెళ్లే ఆ పెద్దాయనకు ఓ అలవాటుంది. రైలు మానుకోటలో ఆగగానే ప్లాట్‌ఫాం మీదికి దిగుతాడు. చెప్పులు విడిచి, చేతులు జోడిస్తాడు. కూత వినబడితే మళ్లీ ఎక్కేస్తాడు.

"రాముడి దగ్గరికి పోతూ మధ్యలో ఈ దండం ఎవరికండీ?" అని భార్య అడిగిందోసారి.

"షోయబుల్లాఖాన్‌కి."

1920లో ఈ మానుకోట ప్రాంతంలోనే పుట్టాడాయన. తండ్రి రైల్వే పోలీసు. కొడుకు మొహంలో గాంధీజీ పోలికలున్నాయని మురిసిపోయేవాడట. ఉస్మానియాలో చదివినవాడికి నిజాం కొలువు దొరకడం కష్టమేం కాదు. కానీ పత్రికల్లోకి వెళ్లాడు. తను పనిచేసే 'రయ్యత్'ను సర్కారు మూయిస్తే, 1947 నవంబరులో 'ఇమ్రోజ్' పెట్టాడు. ఆ ఉర్దూ మాటకు 'ఈ రోజు' అని అర్థం. రజాకార్ల ఆగడాలు రాశాడు. హైదరాబాద్ సంస్థానం ఇండియాలో కలవాలన్నాడు. బెదిరించినా మానలేదు. 1948 ఆగస్టు 21 రాత్రి పని ముగించుకుని ఇంటికెళ్తుంటే కాచిగూడ దగ్గర కాల్చారు. చేతిని నరికేశారు. తెల్లారేసరికి ప్రాణం పోయింది. నిండా ఇరవై ఎనిమిదేళ్లు కూడా లేవు. మరో నెల తిరక్కుండానే, సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాడు.

ఇదంతా పెద్దాయన రిటైరయ్యాక చదివాడు. గుమాస్తాగా ఉన్నప్పుడు ఓ పేదరైతు భూమి కాగితం మీద, తప్పని తెలిసే సంతకం పెట్టాడు. పైవాళ్లు గట్టిగా చెప్పారు, పిల్లలు చిన్నవాళ్లు. ఎవరూ అడగలేదు కూడా. షోయబ్ కథ చదివిన రాత్రి మాత్రం కుడిచేతిని చూసుకుంటూ చాలాసేపు కూర్చున్నాడు. భార్యకు ఆ సంతకం సంగతి చెప్పింది అప్పుడే.

కొత్తగూడెంలో రైలు దిగి బస్సెక్కితే పాల్వంచ, ఆపైన అడవి. ఈ పాల్వంచ తహసీల్దారే మన రామదాసు. ఆయన్ని గోల్కొండలో ఖైదు చేసిన తానీషాయే తర్వాత రాముడి కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీ మొదలుపెట్టాడంటారు. ఇప్పుడు ప్రభుత్వం పంపుతోంది. గోదావరి ఒడ్డున పెళ్లి చూసేవాళ్లకు అదేం వింతగా ఉండదు.

మొన్నటి నవమికి వెళ్లేటప్పుడు ఎలాగో దిగాడు గానీ, తిరుగు ప్రయాణానికి మోకాళ్లు మొరాయించాయి. మానుకోట వస్తోందనగా సీటు పట్టుకుని లేవబోయాడు.

"మీరు కూర్చోండి" అందావిడ. కొంగున ముడేసిన తలంబ్రాలు జారకుండా పట్టుకుని, తలుపు వైపు నడిచింది.