పిలువని చుట్టము



చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయము చుట్టును, అశోక్‌నగరు, నారాయణగూడ వీథులయందును పోటీపరీక్షలకు చదువు బిడ్డలు కొల్లలు. పాత ప్రశ్నపత్రములకై వెదకుచు, ఉచితమని యేదో యొక సాధనమును వీరు కంప్యూటరులో నెక్కించుకొందురు. దానితో గూడ పిలువని చుట్టము ప్రవేశించును. బ్రౌజరు తెరవగనే క్రొత్త పుట కనబడును. గూగులులో వెదకినది వేరొకచోట తేలును.

2017లో చెక్ పాయింట్ సంస్థ బయలుపరచిన ఫైర్‌బాల్ ఇట్టిదే. లోకమున 25 కోట్ల యంత్రములకు సోకెననియు, అందు 2 కోట్ల 53 లక్షలు మన దేశమువే యనియు ఆ సంస్థ చెప్పెను. అంత లేదని మైక్రోసాఫ్టువారనిరి. లెక్క యెట్లున్నను, మేము వెరచునది ప్రకటనలకు గాదు. దరఖాస్తుకు తుది గడువునాడు అసలు పుటకు మారుగా నకిలీ పుట యెదుట నిలిచినచో, రుసుము పోవుటయే గాక పిల్లకు ఏడాది చదువు వ్యర్థమగును.

కావున సెట్టింగ్సులో యాప్సు జాబితాను తేదీల వరుసను జూచి, ఎరుగనిదానిని తొలగింపుడు. పిమ్మట క్రోములో తెలియని ఎక్స్‌టెన్షనును తీసివేసి, రీసెట్ సెట్టింగ్స్ నొక్కుడు. దాచిన పాస్‌వర్డులు చెక్కుచెదరవు. తెర మూల మొలచు ప్రకటనలకు నోటిఫికేషన్ల అనుమతియే మూలము, దానిని రద్దుచేయుడు. తరువాత మైక్రోసాఫ్ట్ డిఫెండరుచే యంత్రమంతయు శోధింపజేయుడు. “మీ కంప్యూటరునకు వైరసు సోకినది, ఇచట నొక్కుడు” అను పెట్టెను మాత్రము ముట్టరాదు. దొంగయే దొంగ దొంగ యని యరచుట యిది!

బ్యాంకు పాస్‌వర్డును వేరొక శుభ్రమైన యంత్రమునుండి మార్చుకొనుడు. సొమ్ము పోయినచో ఆ క్షణమే 1930కు ఫోను చేయవలెను.