ఫోర్‌కాస్ట్ చెప్పేది మెషీన్, సరే. సంతకం ఎవరిది?

మొన్న ఆఫీసులో టీ తాగుతుంటే మా టీమ్‌లో ఒక మిత్రుడు తేల్చేశాడు. "ఇంకా ఈ వాతావరణ శాఖ వాళ్ళు దేనికండీ? పది రోజుల ఫోర్‌కాస్ట్ ఒక్క నిమిషంలో వచ్చేస్తోంది. అందర్నీ ఇంటికి పంపించి నాలుగు సర్వర్లు పెట్టుకుంటే సరిపోదూ?" అందరూ నవ్వారు. 2023 డిసెంబర్ అనేది నా జీవితంలో లేకపోతే నేనూ నవ్వేవాణ్ణే.

మాది తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే దారిలో ఒక ఊరు. డిసెంబర్ మొదటి వారం అంటే మావైపు వరి కోతల రోజులు. అప్పటికే కోసేశాం, పనలు చేలోనే ఉన్నాయి. 2వ తేదీ రాత్రి నాన్న ఫోన్ చేశాడు. "ఏరా, కుప్ప వేసెయ్యమంటావా, రెండ్రోజులు ఆగమంటావా?" పచ్చి మీద కుప్పేస్తే లోపల వేడెక్కి గింజ రంగు మారుద్ది. ఆరనిద్దామంటే వాన భయం. నేను హైదరాబాద్‌లో కూర్చుని ఫోన్‌లో ఒక యాప్ తెరిచాను. 5వ తేదీ దగ్గర మబ్బు బొమ్మ, కింద నాలుగు చినుకులు, అరవై శాతం. "ఆగు నాన్నా, మామూలు వానేలే" అన్నాను. ఇంజనీరు కొడుకు చెప్పాడు కదా, ఆగాడు.

5వ తేదీ మధ్యాహ్నం మిచౌంగ్ తుఫాను బాపట్లకి దక్షిణంగా తీరం దాటింది. గంటకి 90-100 కిలోమీటర్ల గాలి. తర్వాత పనలు నీళ్ళలో తేలాయి, గింజ మొలకెత్తింది. అసలు సిగ్గుపడాల్సిన విషయం ఏంటంటే, నెల్లూరు-మచిలీపట్నం మధ్య 5న దాటుతుందని వాతావరణ శాఖ బులెటిన్ నేను యాప్ చూసే సమయానికే చెప్పింది. అది చదవడం నాకు బద్ధకం. బొమ్మ చూడటం తేలిక.

యాప్ తప్పు చెప్పిందా? లేదు. అరవై శాతం అంది, వాన పడింది. కానీ నాన్న అడిగింది వాన పడుతుందా అని కాదు, కుప్ప వెయ్యాలా వద్దా అని. నా దగ్గరున్నది ఒక అంకె. ఆయనకి కావాల్సింది ఒక నిర్ణయం. ఈ రెండిటి మధ్య ఉన్న ఖాళీలోనే ఫోర్‌కాస్టర్ ఉద్యోగం ఉంది.

"లెక్కలు మెషీన్ చేస్తే మనిషెందుకు" అనేవాళ్ళకి ఒక మాట. లెక్కలు మెషీన్ చెయ్యబట్టి డెబ్భై ఏళ్ళు దాటింది. 1950లోనే ఎనియాక్ మీద ఫోర్‌కాస్ట్ నడిపారు. అప్పట్నుంచీ ఫోర్‌కాస్టర్ కాగితం మీద వాన లెక్కగట్టే మనిషి కాదు. నాలుగైదు మోడళ్ళు నాలుగైదు దారులు చూపిస్తే, ఇవాళ ఏది ఎందుకు తప్పుతోందో పట్టుకునే మనిషి. ఉపగ్రహ చిత్రంలో మబ్బుల ఆకారం చూసి తుఫాను కేంద్రం ఎక్కడుందో, బలం ఎంతో అంచనా కట్టే మనిషి. మిచౌంగ్ లాంటివి మరీ కష్టం. అది తిన్నగా వచ్చి ఒడ్డుకి గుద్దుకోలేదు, తీరం పక్కనే ఉత్తరానికి పాకింది. అలాంటప్పుడు దారి కాస్త వంగినా, తీరం దాటే చోటు చాలా దూరం జరిగిపోతుంది. బాపట్ల అనుకున్నది ఒంగోలు కావచ్చు, మచిలీపట్నం కావచ్చు.

ఇక ఏఐ మోడళ్ళు. వాటిని తీసిపారెయ్యను, నా అన్నం కూడా అక్కడే. 2023లో పంగు-వెదర్, గ్రాఫ్‌కాస్ట్ వచ్చాయి. యూరప్ వాళ్ళ కేంద్రం 2025 ఫిబ్రవరిలో తన ఏఐ మోడల్‌ని ప్రొడక్షన్‌లో పెట్టింది. 2025 అట్లాంటిక్ హరికేన్ల దారిని డీప్‌మైండ్ మోడల్ చాలా బాగా చెప్పింది. ఒప్పుకుంటాను. కానీ దాన్ని వాడుకుని హెచ్చరిక రాసింది అమెరికా హరికేన్ కేంద్రంలోని మనుషులే.

మనం ఇంజనీర్లం కాబట్టి కాస్త లోపలికి చూద్దాం. గ్రాఫ్‌కాస్ట్ నేర్చుకున్న డేటాలో ఒక్కో గడి పావు డిగ్రీ, అంటే ఇంచుమించు 28 కిలోమీటర్లు. తెనాలి నుంచి రేపల్లె 35 కిలోమీటర్ల లోపే. అంటే మా రెండు ఊళ్ళూ, మధ్యలో ఉన్న మా చేను, అన్నీ కలిపి ఒకటి రెండు గళ్ళు! పైగా సగటు తప్పు తగ్గించడమే లక్ష్యంగా ట్రైన్ చేస్తే మోడల్ అన్నిటినీ నున్నగా చేస్తుంది. మామూలు రోజు బ్రహ్మాండంగా ఉంటుంది, తుఫాను గాలి బలం మాత్రం తక్కువ చూపిస్తుంది. మనకి కావాల్సింది ఏ రోజు చెప్పండి?

ఆ డేటా ఆకాశం నుంచి ఊడిపడింది కూడా కాదు. బెలూన్లు ఎగరేసి, రాడార్లు రిపేరు చేసి, రోజూ కొలతలు రాసిన మనుషుల కష్టం అది. 2025లో అమెరికా వాతావరణ సంస్థలో సిబ్బంది తగ్గేసరికి అలాస్కాలో కొట్జెబ్యూలో బెలూన్లు ఆపేశారు. కొలిచేవాణ్ణి తీసేసి మోడల్‌ని ఉంచుకోవడం, లాగింగ్ ఆపేసి డ్యాష్‌బోర్డ్ పెట్టుకోవడం లాంటిది.

"మనుషులు మాత్రం తప్పు చెప్పరా?" చెప్తారు. 2013 నవంబర్‌లో లెహర్ అతి తీవ్ర తుఫాను అని భయపెట్టింది. తీరా మచిలీపట్నం దగ్గరికి వచ్చేసరికి వాయుగుండంగా నీరసపడిపోయింది. మనవాళ్ళు జోకులేసుకున్నారు. కానీ మా నాయనమ్మ నవ్వలేదు. ఆవిడ 1977 నవంబర్ 19 చూసింది. ఆ రోజు సుమారు అయిదు మీటర్ల ఉప్పెన వచ్చి దివిసీమతో పాటు మా రేపల్లె, బాపట్ల తీరాన్నీ తుడిచిపెట్టింది. సర్కారు లెక్కలోనే పదివేల మంది దాకా పోయారు. 1990 మేలో దాదాపు అంత బలమైన తుఫానే కృష్ణా ముఖద్వారం దగ్గరికి వచ్చింది. ఈసారి లక్షన్నర మందికి పైగా ముందే ఖాళీ చేయించారు, చనిపోయినవాళ్ళు వెయ్యి లోపు. మధ్యలో మారింది ఉపగ్రహం ఒక్కటే కాదు. ఆ మాట విని నిజాంపట్నం పడవల్ని వెనక్కి పిలిచేవాడు, ఊరు ఖాళీ చెయ్యమని కలెక్టరుతో చెప్పేవాడు, రేపు తప్పైతే తిట్లు తినడానికి సిద్ధపడి సంతకం పెట్టేవాడు, ఆ గొలుసు కూడా మారింది. లెహర్ లాంటి ఫాల్స్ పాజిటివ్ ఖరీదు ఒక రోజు కూలి. ఫాల్స్ నెగటివ్ ఖరీదు 1977. ఈ తేడా చూసి నిర్ణయించే బాధ్యత ఏ మోడల్ తీసుకుంటుంది?

ఇదంతా ఊహ అనుకోకండి, ఆ ప్రయోగం మన దేశంలో జరిగింది. 2018 నుంచి కృషి విజ్ఞాన కేంద్రాల్లో 199 జిల్లా వ్యవసాయ వాతావరణ యూనిట్లు పెట్టారు. ఫోర్‌కాస్ట్ చూసి "ఈ వారం మందు కొట్టొద్దు, కోత ఆపండి" అని రైతు భాషలో చెప్పడం వాళ్ళ పని. 2024 మార్చికల్లా మూసేశారు. డేటా ఆటోమేటిక్‌గా వస్తోంది కదా, సిబ్బంది ఎందుకన్న మాట నీతి ఆయోగ్ నుంచి వచ్చిందని పత్రికలు రాశాయి. చూశారా, మా టీ బ్రేక్ తర్కమే! థర్మామీటర్ ఆటోమేటిక్ అయితే డాక్టర్ అక్కర్లేదన్నట్టు.

మా పనలు తడిశాక లీటరు నీళ్ళకి 50 గ్రాముల ఉప్పు కలిపి కొడితే మొలక ఆగుతుందని నాన్నకి చెప్పింది ఒక వ్యవసాయాధికారి. ఆలస్యమైంది కానీ సగమైనా దక్కింది. అరవై శాతం అనే అంకెలో ఆ ఉప్పు లేదు.

ఆటోమేట్ చెయ్యండి. మ్యాపులు గియ్యడం, బులెటిన్ మొదటి డ్రాఫ్టు, తెలుగులోకి మార్చడం, అన్నీ చెయ్యండి, ఫోర్‌కాస్టర్‌కి టైమ్ మిగులుతుంది. మనిషినే తీసేద్దాం అనే మిత్రులకి మాత్రం ఒక్క కండిషన్. మీ యాప్‌లో ఆ మబ్బు బొమ్మ కింద మీ ఫోన్ నంబరు పెట్టండి. 2వ తేదీ రాత్రి మా నాన్న ఫోన్ చేస్తాడు. ఎత్తి, కుప్ప వెయ్యాలో వద్దో చెప్పండి.