అద్దె బస్సులో అడవికి

అనంతపురం వాళ్లం పచ్చదనం చూడటానికి రాత్రంతా ప్రయాణం చేస్తాం. కార్తీకమాసం వస్తే మా ఊళ్లో కాలనీకో బస్సు కదులుతుంది. వంటసామాను, గ్యాస్ బండ, వంటమనిషి, పిల్లాజెల్లా, అందరూ కలిసి గుత్తి, కర్నూలు, ఆత్మకూరు మీదుగా శ్రీశైలం. పోయిన కార్తీకంలో మా వీధి వాళ్ల బస్సులో నేనూ ఉన్నాను. ఆ రోజు నల్లమలలో మేం ఎట్లా మెలిగామో చెప్పుకోకుండా కరువు గురించి, చెట్ల గురించి సభల్లో మాట్లాడే హక్కు మాకు లేదని నాకు గట్టిగా అనిపిస్తోంది.

తెల్లవారే వేళకు ఆత్మకూరు దాటాం. బైర్లూటి వచ్చేసరికి రోడ్డుకు రెండు పక్కలా అడవే. నల్లమద్ది, టేకు, నారేపి, వాటి కింద వెదురు. వాగుల్లో ఇంకా నీళ్లు పారుతున్నాయి. 1983 నుంచి పులుల సంరక్షణ కేంద్రంగా ఉన్న అడవి అది, దేశంలోని పెద్ద పులుల అడవుల్లో ఒకటి. మా బస్సులో మాత్రం సినిమా పాటలు హోరెత్తుతున్నాయి. ఆపమని ఒక్కరూ అనలేదు, నేను కూడా అనలేదు. అంత మోతలోనూ ఒక పెద్దాయన కిటికీ తెరిచి, "పులి యాడన్నా కనపడ్తాదేమో సూడండప్పా" అని పిల్లలను పిలిచాడు. పిల్లలు కాసేపు ఆశగా చూసి ఫోన్లలో పడ్డారు.

కొంత దూరం పోయాక ఎవరో కొండల వైపు చెయ్యి చూపించి పావురాలగుట్ట అటువైపే అన్నారు. బస్సంతా ఒక్కసారి లేచి కూచుంది. 2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ కూలిన చోటు. మరుసటి రోజుగ్గానీ ఆచూకీ దొరకలేదు. ఆనాటి దుఃఖం మా జిల్లాలో ఇప్పటికీ ఉంది, దాన్ని తలచుకోవడంలో తప్పులేదు. కానీ తలచుకోవడం కాస్తా పార్టీల తగాదా అయింది, ఆ తగాదాలోనే మిగతా అడవి గడిచిపోయింది. ఒక రాష్ట్రమంతా కలిసి రాత్రంతా వెతికినా దొరకనంత లోతు ఉన్న అడవి ఇది, ఇందులో ఎవరు బతుకుతున్నారు, ఎట్లా బతుకుతున్నారు అని మాలో ఒక్కరూ అడగలేదు.

అడవిలో బండి ఆపగూడదు, పొయ్యి వెలిగించగూడదు, ప్లాస్టిక్ పడేయగూడదు. చెక్‌పోస్టు దగ్గర బోర్డు ఉంది, చదివాం. డ్రైవరూ చెప్పాడు. "ఐదు నిమిషాలేలేప్పా, పిల్లోళ్లు ఆకలిగొని ఉండారు" అని అతన్ని ఒత్తిడి చేసి దారి పక్కన దించుకున్నాం. ఉప్మా అక్కడే చేశారు, టీ అక్కడే కాచారు. తిరిగి బస్సెక్కేటప్పుడు నేను వెనక్కి చూశాను. ప్లాస్టిక్ పూత ఉన్న పేపరు ప్లేట్లు, నీళ్ల ప్యాకెట్లు, చట్నీ కట్టుకొచ్చిన కవర్లు గడ్డిలో పరుచుకుని ఉన్నాయి. ఉప్పు, నూనె వాసన పట్టిన కవరును దుప్పి నాకుతుంది, మింగుతుంది. అది పొట్టలో ఉండచుట్టుకుని పేగుకు అడ్డం పడితే ఆ జంతువు మేత తినలేక రోజుల తరబడి నరకయాతన పడి చస్తుంది. ఈ సంగతి తెలిసిన టీచర్లు, ఉద్యోగులు, రిటైరైన అధికారులు మా బస్సులో ఉన్నారు. ఏరుకుని సంచిలో వేసుకోవడానికి పది నిమిషాలు చాలు. ఆలస్యమైతే దర్శనం క్యూ పెరుగుతుందని అందరం ఎక్కేశాం.

శ్రీశైల శిఖరం దగ్గర కోతులకు బిస్కెట్లు విసిరాం. పిల్లల చేతికి ప్యాకెట్లిచ్చి విసిరించాం, ఫోటోలు తీశాం. అడవిలో కాయా కసురూ ఏరుకు తినే ప్రాణిని రోడ్డు మీదికి పిలిచి బండ్ల కింద పడేసే పనికి మేం పుణ్యమని పేరు పెట్టుకున్నాం.

దారిలో ఒక చెంచు ఆడమనిషి తేనె అమ్ముతోంది. శ్రీశైలం మల్లన్నను తమ ఇంటి అల్లుడిగా చెప్పుకునే జనం వాళ్లు. పులుల జాడలు చూసి అడవిని కాపాడే వాచర్లలో ఆ తెగ వాళ్లు చాలామంది. మా వాళ్లు ఆమె తేనె కల్తీదని ముఖం మీదే అన్నారు, చెప్పిన ధరకు సగం అడిగారు, కొనకుండానే ఆమెను ఫోటో తీసుకున్నారు. ఆమె ఒక్క మాట అనలేదు. రోజంతా జరిగినవాటిలో నన్ను ఎక్కువగా కుదిపేసింది ఇదే.

తిరుగుదారిలో అడవికి దోర్నాల దగ్గరున్న గేటును రాత్రి తొమ్మిదికి మూస్తారు, ఉదయం ఆరు దాకా తెరవరు. జంతువులు రోడ్డు దాటే వేళ అది. గేటు పడేలోగా కొండ దిగాలని డ్రైవరు తొందరపెడుతుంటే, ఈ ఆంక్షలన్నీ జనాన్ని సతాయించడానికేనని బస్సులో గొణిగారు. ఆ తర్వాత మాట మామూలు చోటికే వచ్చింది. "ఇట్లాంటి అడవి మనకెందుకు లేదప్పా?" "వానెక్కడిది మనకు?"

ఈ జవాబు వెనక దాక్కుని మేం రెండు తరాలు గడిపాం. సగటున 550 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోయే వాన మాది, నిజమే. కానీ చెన్నేకొత్తపల్లి పక్క ముష్టికోవెల కొండల మీద పడేదీ అదే వాన. 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే సంస్థతో కలిసి అక్కడి ఊళ్ల వాళ్లు ఆ బోడికొండలను కాపాడటం మొదలుపెట్టారు. చేసిన పనిలో పెద్ద రహస్యమేమీ లేదు. ఎండాకాలం నిప్పు పడకుండా మనుషులను కాపలా పెట్టారు, గొడ్డలి ఆపారు, విత్తనాలు చల్లారు, ఏళ్ల తరబడి ఓపిక పట్టారు. బోదగడ్డి లేచింది. వంకల వెంబడి ఈతచెట్లు వచ్చాయి. గొర్రెలకు మేత, కప్పులకు గడ్డి, చెరువుకు నీళ్లు దొరికాయి. తోడేళ్లు తిరిగే చోటయింది. కల్పవల్లి అని పేరు పెట్టుకున్న ఆ వేల ఎకరాలు అనంతపురం నుంచి రెండు గంటల దారి కూడా కాదు. మా బస్సులో ఉన్నవాళ్లలో దాన్ని చూసినవాళ్లు ఎవరూ లేరు.

2010 ప్రాంతంలో ఆ కొండల నెత్తిన గాలిమరలు లేచాయి. రికార్డుల్లో అది బంజరు భూమి కాబట్టి కంపెనీకి ఇచ్చారు. యంత్రాలు ఎక్కడానికి కొండలను కోసి రోడ్లు వేశారు, మట్టి వంకల్లోకి జారింది. గొర్రెల కాపరులు, ఆ సంస్థ వాళ్లు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా పోయారు. గాలి కరెంటు అక్కర్లేదని నేను అనను. కాకపోతే అక్కడ గడ్డి ఉందని, మంద ఉందని, ఇరవై ఏళ్ల కష్టం ఉందని చెప్పడానికి జిల్లా కేంద్రం నుంచి మేం గొంతు కలపలేదు. చదువుకున్న ఊరు మాది, యూనివర్సిటీ ఉన్న ఊరు మాది.

అంతకుముందూ అంతే. కొండవారల దాకా వేరుశనగ వేసుకుంటూ పోయాం. జిల్లాలో అది ఏడు లక్షల హెక్టార్లు దాటిన కాలంలో, మిగిలిన చెట్టు చేమా ఇటుక బట్టీలకు, బొగ్గులకు పోతుంటే పట్టించుకోలేదు. ఊరి చుట్టూ గుట్టలను పేల్చిన కంకరతో మా మేడలు లేచాయి. నారేపి మా కొండల్లోనూ పెరిగే చెట్టే. దాన్ని గుర్తుపట్టగలిగినవాళ్లు మా వీధిలో ముసలివాళ్లు తప్ప లేరు. పిల్లలకు మేం చూపించలేదు.

ఈ కార్తీకానికి మళ్లీ బస్సు మాట్లాడుతున్నారు, వసూళ్లు నాకు అప్పగించారు. మూడు మాటలు ముందుంచాను. అడవిలో బండి ఆపం, టిఫిను ఆత్మకూరులోనే. పాటలు బైర్లూటికి ముందే ఆపాలి. శ్రీశైలానికి పోయే ముందు ఒక ఆదివారం అందరం కల్పవల్లికి పోయి అక్కడి కాపరులతో మాట్లాడి రావాలి. మొదటిదానికి ఒప్పుకున్నారు. రెండోదాని మీద వాదన నడుస్తోంది. మూడోది చెప్పినప్పుడు, "ఆడేముండాది సూసేదానికి, గడ్డే కదా" అన్నారు. వస్తామన్న నాలుగిళ్ల వాళ్లతో వచ్చే ఆదివారం బయల్దేరుతున్నాను.