ఒక సర్వే నంబరులో మూడు నేలలు

సర్వే నంబరు పుట్టింది శిస్తు కోసం. మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో సెటిల్‌మెంటు అధికారులు నేలను రేగడి, ఎర్రనేల, ఇసుకనేల అని వర్గాలు చేసి, వాటిలో మళ్లీ మంచిచెడ్డలు ఎంచి, పొలానికి ఒక ‘తరం’ కట్టి రిజిస్టరుకెక్కించారు. శిస్తుకు ఆ మాత్రం చాలు, ఎరువుకు చాలదు. తెలంగాణ పల్లెల్లో వాలు వెంట దిగితే మిట్టన ఎర్ర చెలక, నడుమ దుబ్బ కలిసిన నేల, పల్లంలో నల్లరేగడి, చెరువు కింద అక్కడక్కడ చౌడు కొద్ది దూరంలోనే తగులుతాయి. గట్లు వేసినవాళ్లు పంపకాలు చూసుకున్నారు కానీ మట్టిని చూడలేదు. పొలాన్ని నేల స్వభావాన్ని బట్టి రెండు మూడు చెక్కలుగా ఎంచుకుని, దేని మోతాదు దానికి పెట్టే పద్ధతి వేల ఎకరాల అమెరికా రైతుకే పనికొస్తుందన్న మాట తరచూ వినిపిస్తుంది. అది మన చిన్న కమతాలకే ఎక్కువ అవసరమని నా వాదన.

కేంద్రం 2015 ఫిబ్రవరిలో రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో మొదలుపెట్టిన సాయిల్ హెల్త్ కార్డుల పథకం ఈ అవసరాన్ని సగమే గుర్తించింది. 12 అంశాలు పరీక్షించి రైతు చేతికి కార్డు ఇవ్వడం చిన్న పని కాదు. అయితే మట్టి తీసిన లెక్క చూడండి: నీటి వసతి ఉన్నచోట 2.5 హెక్టార్లకు ఒక నమూనా, మెట్టలో 10 హెక్టార్లకు ఒకటి. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం సగటు కమతం తెలంగాణలో 1.00 హెక్టారు, ఆంధ్రప్రదేశ్‌లో 0.94. ఈ లెక్కన మెట్ట రైతుకు వచ్చిన కార్డులో తన పొలం మట్టి చిటికెడైనా లేకపోవచ్చు. ఉన్నా సగటు అనేది మోసం చేస్తుంది. మట్టిలో జింకు 0.6 పీపీఎం కంటే తగ్గితే లోపం కింద లెక్క. పొలంలో ఒక సగం 0.3, మరో సగం 1.1 ఉందనుకోండి. రెండు వైపుల మట్టీ కలిపితే 0.7 తేలుతుంది, కార్డు మీద ‘సరిపడా ఉంది’ అని అచ్చవుతుంది. లోపమున్న సగం అలాగే ఉండిపోతుంది.

ఇలాంటి తేడాలు కొన్ని మనం చేతులారా తెచ్చుకున్నవి. నాలుగు మడులు కలిపి చదును చేసేటప్పుడు మిట్ట వైపు పైమట్టి చెక్కి పల్లం వైపు తోస్తారు. ఆ తర్వాత ఒకేనాడు నాటిన వరి, మట్టి పడ్డ వైపు నల్లగా పిలకలు వేస్తుంటే, చెక్కిన వైపు గిడసబారి ఆకుల మీద తుప్పు మచ్చలు వేసుకుంటుంది. దాన్ని చూసి మడి మొత్తానికీ మరో కట్ట యూరియా చల్లడం మనకు అలవాటు. పచ్చగా ఉన్న వైపు ఆ యూరియా సుడిదోమను పిలుస్తుంది, ఎర్రబడ్డ వైపు లోటు జింకుది కనుక పైరు ఎర్రబడే ఉంటుంది.

ఎకరం పొలాన్ని మళ్లీ ముక్కలు చేయడమేమిటని అడిగేవాళ్లున్నారు. యంత్రంతో ఎరువు వేసే రైతుకు చోటును బట్టి మోతాదు మార్చాలంటే ఖరీదైన పరికరం కావాలి. చేత్తో చల్లేవాడికి పిడికిలి బిగిస్తే చాలు. ఆలోచనా కొత్తది కాదు. 1929లోనే ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం రైతులకిచ్చిన చిన్న పుస్తకంలో పొలాన్ని గళ్లుగా విడగొట్టి మట్టిలో ఆమ్లత్వం చూసుకోమని, సున్నం అవసరమైన చోటే వేయమని చెప్పారు. అప్పుడు ఉపగ్రహాలు లేవు. ఇప్పుడు సెంటినెల్-2 చిత్రాలు ఉచితంగా దొరుకుతున్నాయి, 10 మీటర్ల గడి చొప్పున ఎకరానికి దాదాపు 40 గళ్లు. కానీ చిత్రం పైరు ఎక్కడ పాలిపోయిందో చూపుతుంది, ఎందుకో చెప్పదు. ఒక్క ఏడు పాలిపోతే పురుగో, నీటి ఎద్దడో కావచ్చు. నాలుగేళ్లుగా అదే చోట పాలిపోతుంటే అనుమానం మట్టి మీదికి పోవాలి. ఆ చోటు రైతుకు ముందే తెలుసు: నీళ్లు ఎక్కడ నిలుస్తాయో, మొలక ఎక్కడ పలచబడుతుందో అతన్ని అడిగితే చెక్కల పటం సగం తయారైనట్టే. జింకు, బోరాన్ లోపం కచ్చితంగా తేల్చడం కంటితో అయ్యే పని కాదు కనుక మిగతా సగం పరీక్షశాలది.

ఖర్చు సంగతికొస్తే, రంగు, వాలు మారినచోట మట్టి విడిగా తీయాలని వ్యవసాయ శాఖలు ఏనాటినుంచో చెబుతున్నదే. ఒక పరీక్షకు బదులు రెండవుతాయి. యూరియా ఆదా చూపి రైతును ఒప్పించలేమన్నది నిజం. 45 కిలోల కట్ట 266 రూపాయల చిల్లరకు దొరుకుతుంటే అరకట్ట మిగిల్చి ఎవరికీ ఒరిగేది లేదు. అసలు లాభం జింకు, జిప్సం, అన్నిటికన్నా నీటి దగ్గర ఉంది. లోతైన నల్లరేగడి ఎర్ర చెలక కంటే సుమారు రెట్టింపు నీటిని పట్టి ఉంచుతుంది. రెండింటికీ ఒకే డ్రిప్ వాల్వు పెడితే ఒకవైపు వేరు ఉక్కిరిబిక్కిరవుతుంది, రెండోవైపు దప్పికపడుతుంది. పైపులు వేసే రోజునే నేల మారే గీత దగ్గర వాల్వు విడదీస్తే అదనపు ఖర్చు స్వల్పం. సబ్సిడీ డిజైన్లలో ఈ గీత కూడా గీయమని అడగడం గొంతెమ్మ కోరికేమీ కాదు.

నాకు గట్టిగా తోచే అభ్యంతరం ఒక్కటే, కౌలు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 సాగుదారుల హక్కుల చట్టం కౌలు రైతుకు ఇచ్చే ఒప్పంద కాలం 11 నెలలు. చౌడు చెక్కకు వేసిన జిప్సం ఫలితం అంతకంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. పై ఏడు ఎవరు దున్నుతారో తెలియని పొలానికి కౌలుదారు ఆ ఖర్చు ఎందుకు పెడతాడు? మట్టి బాగుచేసే ఖర్చును యజమాని భరించాలి, లేదా కౌలులో తగ్గించాలి. చెక్కల వారీగా ఇచ్చే కార్డు నకలు సాగుచేసేవాడి చేతికి కూడా రావాలి, ఎందుకంటే ఎరువు చల్లేది అతనే.