అన్నీ మొలలే కావు

ఈ వారం సంగతి కాస్త మొహమాటమైనది. అయినా పేజీ తిప్పేయకండి.

దొడ్డికి వెళ్ళినప్పుడు నెత్తురు పడితే మొలలే అనుకుంటాం. వేడి చేసిందని సబ్జా గింజలు నానబెట్టి తాగి ఊరుకుంటాం. మా భువనగిరనే ఏముంది, ఏ ఊళ్ళో గోడ చూసినా ‘ఆపరేషన్ లేకుండా మొలలు మాయం’ అన్న రాతలే! చాలామందికి అవి మొలలే, నిజమే. కానీ మలద్వారానికి కూడా కేన్సర్ వస్తుంది. నెత్తురు, దురద, నొప్పి, చేతికి తగిలే గడ్డ... దీనికీ అవే లక్షణాలు. అందుకే నెలల తరబడి మొలల మందే వాడుతూ పోతారు.

జబ్బు అరుదైనదే. నూటికి తొంభై వంతులు దీనికి మూలం హెచ్.పి.వి. అనే వైరస్. గర్భాశయ ముఖద్వార కేన్సర్ తెచ్చేదీ అదే. కనుక ఆ కేన్సర్ వచ్చి తగ్గినవాళ్ళూ, హెచ్.ఐ.వి. ఉన్నవాళ్ళూ మరింత జాగ్రత్తగా ఉండాలి. ఈ వైరస్ కాపురాలు చేసుకునే ఎంతోమందికి సోకి దానంతటదే పోతుంది. నడవడిక గురించి చెవులు కొరుక్కోవలసిన పని లేదు.

పూర్వమైతే మలద్వారం కోసేసి, పొట్టకు సంచి తగిలించేవారు. బతికినన్నాళ్ళూ ఆ సంచే. అమెరికాలో డెట్రాయిట్ సర్జన్ నార్మన్ నిగ్రో, గడ్డ చిన్నదైతే కోయడం సులువని ముగ్గురికి ముందుగా కీమో, రేడియేషన్ కలిపి ఇచ్చారు. ఇద్దరికి కోసి చూస్తే గడ్డే లేదు! మూడో మనిషి అసలు ఆపరేషనే వద్దన్నారు. 1974లో ఆయన ఈ సంగతి ప్రకటించారు. నేటికీ ఇదే మొదటి వైద్యం. మైటోమైసిన్, ఫైవ్-ఎఫ్‌యూ మందులు, ఐదారు వారాల రేడియేషన్ (మనవాళ్ళు కరెంటు పెట్టడం అంటారే, అదే). తొందరగా వెళ్తే చాలామందికి కోత లేకుండానే నయమవుతుంది.

సుఖమైన వైద్యమని మాత్రం అనను. అక్కడి చర్మం కాలినట్టవుతుంది. ముట్లు ఆగిపోవచ్చు, యోని బిగుసుకుపోవచ్చు. ఇవన్నీ మొదలుపెట్టకముందే డాక్టరును అడగాలి, సిగ్గుపడితే బాధ మనకే. ఇంకోమాట. వైద్యం అయిపోగానే గడ్డ కరగలేదని ఇంట్లోవాళ్ళు బెంబేలెత్తి నాటుమందుకు తీసుకుపోవద్దు. పూర్తిగా కరగడానికి 26 వారాల దాకా పట్టవచ్చు.

రోగులు తక్కువ కావడంతో పరిశోధన నత్తనడక నడుస్తోంది. చిన్న గడ్డకు తక్కువ రేడియేషన్ సరిపోతుందా అని ఇప్పుడు చూస్తున్నారు. ముదిరినవారికి కీమోతో కలిపి ఇచ్చే రెటిఫాన్లిమాబ్ అనే కొత్త మందుకు 2025 మే నెలలో అమెరికా అనుమతినిచ్చింది. హెచ్.ఐ.వి. ఉన్నవారిలో కేన్సర్‌కు ముందు వచ్చే మచ్చలను తీసేస్తే ముప్పు సగానికి పైగా తగ్గిందని 2022లో తేలింది. కాని ఆ మచ్చలను కనిపెట్టడానికి ప్రత్యేకమైన భూతద్దమూ, అందులో తర్ఫీదైన డాక్టరూ కావాలి. మన ఊళ్ళకు అదెప్పటికి వచ్చేను!

ఆడపిల్లలకు వేయించే హెచ్.పి.వి. టీకా ఈ వైరస్‌కే. మన దేశంలో తయారైన సర్వావాక్ 2023లో వచ్చింది.

రెండు మూడు వారాలైనా నెత్తురు ఆగకపోతే సర్జన్‌కు చూపించండి. మా వైపువాళ్ళకు బీబీనగర్ ఎయిమ్స్ పక్కనే. కేన్సరని తేలితే హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎం.ఎన్.జె. ఆస్పత్రి ఉంది. వేలితో పరీక్ష నిమిషం పని. లేడీ డాక్టరు కావాలని అడగండి, తప్పేం లేదు. పాత మందుల చీటీలు, ఆరోగ్యశ్రీ కోసం రేషన్ కార్డు సంచిలో వేసుకుని వెళ్ళండి.